లూపస్ ఉన్నవాళ్ళకి ఏ యూరిన్ పరీక్ష? స్ట్రిప్పు, సీయూఈ, పీసీఆర్, 24 గంటల డబ్బా

"అక్కా, డాక్టర్ గారు పీసీఆర్ అన్నారు, ఇక్కడ బిల్లులో సీయూఈ అని వేశారు. రెండూ యూరినే కదా, ఒకటేనా?"

నెలకి రెండు మూడుసార్లయినా మా కౌంటర్ దగ్గర ఈ మాట వినిపిస్తుంది. అడిగేది ఎక్కువగా ఇరవై, ముప్పై ఏళ్ళ ఆడపిల్లలు. లూపస్ వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే మరి. ఒకటి కాదమ్మా, సీయూఈ (కంప్లీట్ యూరిన్ ఎగ్జామినేషన్) అంటే మైక్రోస్కోప్ కింద చూసేది, పీసీఆర్ అంటే ప్రొటీన్ ఎంత పోతోందో కొలిచేది అంటాను. అయితే ఏది చేయించుకోవాలి అంటారు. వెనక క్యూ ఉంటుంది, అంత వివరంగా చెప్పే తీరిక దొరకదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. గుంటూరులో పదిహేడేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. మందుల సంగతి నా పని కాదు. సీసాలో వచ్చిన మూత్రం రిపోర్టు మీద అంకెగా మారేలోపు ఏం జరుగుతుందో, ఎక్కడ తప్పు దొర్లుతుందో మాత్రం రోజూ చూస్తున్నాను.

లూపస్‌లో ఒంట్లో రక్షణ కోసం ఉండాల్సిన యాంటీబాడీలు మన కణాల మీదకే తిరుగుతాయి. అవి గుంపులుగా కట్టి కిడ్నీలోని జల్లెడలో పేరుకుంటాయి. జల్లెడ అంటే సన్నటి రక్తనాళాల ఉండలు, ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షలు. అక్కడ వాపు మొదలైతే జల్లెడ కన్నాలు పెద్దవై, రక్తంలో ఉండాల్సిన ప్రొటీనూ ఎర్ర కణాలూ మూత్రంలోకి జారిపోతాయి. లూపస్ ఉన్నవాళ్ళలో దగ్గర దగ్గర నూటికి నలభై మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది, ఎక్కువమందికి మొదటి ఐదేళ్ళలోనే. నొప్పి ఉండదు. కీళ్ళు నొప్పి పుడితే తెలుస్తుంది, ముఖం మీద మచ్చ వస్తే అద్దంలో కనిపిస్తుంది, కిడ్నీ మాత్రం నోరెత్తదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగేదాకా ఆగితే అప్పటికి చాలా పోయి ఉంటుంది. ముందుగా చెప్పేది మూత్రమే.

మూత్రం చెప్పే కబుర్లు రెండు రకాలు. ఒకటి, ఎంత కారుతోంది. రెండు, ఎందుకు కారుతోంది: ఇప్పుడున్న మంట, అంటే ఆ లోపలి వాపు వల్లా, లేక పాత మంట ఆరిపోయి మిగిలిన మచ్చ వల్లా. మంటకి మందు వేస్తారు. మచ్చకి అదే మందు పెంచుకుంటూ పోతే దండగ, పైగా ప్రమాదం. ఈ కింద చెప్పే పరీక్షల్లో మొదటి ప్రశ్నకి బాగా జవాబిచ్చేవి ఉన్నాయి, రెండోదానికి సగం సగం జవాబిచ్చేవి ఉన్నాయి. రెండిటికీ పూర్తిగా జవాబిచ్చే యూరిన్ పరీక్ష ఇప్పటికి లేదు.

స్ట్రిప్పు

ప్లాస్టిక్ పుల్ల మీద రంగు రంగుల గళ్ళు ఉంటాయి, ముంచి తీసి నిమిషం తర్వాత సీసా మీది రంగులతో పోల్చి చూస్తాం. ప్రొటీన్, షుగర్ రెండే గళ్ళున్నవి మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. అన్నిట్లోకీ చవక ఇదే, ఇంట్లో చేసుకోగలిగిందీ ఇదే. ప్రొటీన్ గడి ఆకుపచ్చకి తిరిగితే 1+, 2+ అని రాస్తాం. 1+ అంటే డెసిలీటర్‌కి సుమారు 30 మిల్లీగ్రాములు, 2+ అంటే 100, 3+ అంటే 300.

దీనితో చిక్కేమిటంటే ఇది చిక్కదనాన్ని కొలుస్తుంది, మొత్తాన్ని కాదు. ఒకామెకి రోజుకి 600 మి.గ్రా. ప్రొటీన్ పోతోంది అనుకుందాం. డాక్టర్లు తప్పకుండా పట్టించుకోవాల్సిన స్థాయి అది. ఆమె ఎవరో చెప్పారని నీళ్ళు బాగా తాగి రోజుకి మూడు లీటర్ల మూత్రం పోస్తే, డెసిలీటర్‌కి 20 మి.గ్రా. వస్తుంది. స్ట్రిప్పు మీద 'ట్రేస్', లేదా నిల్. అదే మనిషి ఎండల్లో సరిగ్గా నీళ్ళు తాగక లీటరే పోస్తే డెసిలీటర్‌కి 60. స్ట్రిప్పు 1+ దాటి చూపిస్తుంది. జబ్బు ఒకటే, రిపోర్టులు రెండు. "పోయిన నెల నిల్ వచ్చింది, ఈ నెల వన్ ప్లస్ వచ్చింది" అని కంగారు పడే ఫోన్లలో సగం ఇలాంటివే. కంగారు లేకుండా నిల్ చూసి హాయిగా నిద్రపోయేవాళ్ళ గురించే నాకు ఎక్కువ భయం.

ఇంకొకటి. మూత్రం బాగా క్షారంగా ఉంటే స్ట్రిప్పు లేని ప్రొటీన్‌ని కూడా ఉన్నట్టు చూపిస్తుంది. మూత్రంలో మంటకి ఇచ్చే ఆల్కలైజర్ సిరప్ తాగుతూ టెస్ట్ చేసుకుంటే ఆ ఆకుపచ్చని నమ్మకండి. సీసా మూత సరిగ్గా పెట్టక గాలి తగిలిన స్ట్రిప్పుల్నీ నమ్మకండి.

అయినా స్ట్రిప్పుని తీసిపారేయను. ఒకసారి కిడ్నీ దెబ్బతిని మందులతో కుదురుకున్నవాళ్ళకి, ల్యాబ్ దూరంగా ఉన్న ఊళ్ళవాళ్ళకి, రెండు విజిట్ల మధ్య వారానికో పది రోజులకో ఒకసారి పొద్దున్నే చూసుకోవడానికి ఇది మంచి కాపలా. వరుసగా రెండుసార్లు 1+ లేదా ఎక్కువ వస్తే ల్యాబ్‌కి వెళ్ళండి. అంతవరకే దాని పని. స్ట్రిప్పు నిల్ వచ్చిందని మాత్రం రాసిన పీసీఆర్ మానెయ్యకూడదు.

సీయూఈ, అంటే మైక్రోస్కోప్

మన దగ్గర ఏ ల్యాబ్‌లో అడిగినా సీయూఈ అంటే తెలుస్తుంది. స్ట్రిప్పు చూసి, తర్వాత మూత్రాన్ని గిర్రున తిప్పే మెషీన్‌లో పెట్టి, అడుక్కి దిగిన మడ్డిని మైక్రోస్కోప్ కింద చూడడం. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. వంద, రెండొందల రూపాయల పరీక్ష కదా అని. పైన చెప్పిన రెండో ప్రశ్న గుర్తుందా, మంటా మచ్చా అని? దానికి ఎంతో కొంత జవాబిచ్చేది ఈ చవక పరీక్షే.

జల్లెడలోంచి దూరి వచ్చిన ఎర్ర కణాలు నలిగిపోయి, వంకర టింకరగా, కొన్నిటికి మిక్కీ మౌస్ చెవుల్లాంటి బుడిపెలతో కనిపిస్తాయి. కిందనుంచి, అంటే మూత్రాశయం నుంచో రాయి గీసుకోవడం వల్లనో నెలసరి వల్లనో వచ్చిన కణాలు గుండ్రంగా, మామూలుగా ఉంటాయి. ఇక ఎర్ర కణాల కాస్ట్ ఉందంటే అది గట్టి సాక్ష్యం. కిడ్నీ గొట్టంలో కణాలు ఇరుక్కుని, గొట్టం ఆకారంలోనే పోత పోసినట్టు బయటికి వచ్చిన ముక్క అది. మంట కిడ్నీ లోపలే ఉందని అంత సూటిగా చెప్పేది యూరిన్‌లో ఇంకొకటి లేదు. లూపస్ ఎంత ఉధృతంగా ఉందో లెక్కవేయడానికి డాక్టర్లు వాడే స్లెడాయ్ స్కోరులో మూత్రానికి సంబంధించినవి నాలుగు అంశాలు: కాస్టులు, ఎర్ర కణాలు, ప్రొటీన్, చీము కణాలు. ఒక్కోదానికి 4 మార్కులు. అందులో మూడు మైక్రోస్కోప్ కింద కనిపించేవే.

మరి అంత మంచిదైతే దీన్నే నమ్ముకోవచ్చు కదా? ఇక్కడే మా వృత్తి గుట్టు విప్పాలి. ఇది చూసే మనిషి మీద ఆధారపడుతుంది. చేతిలో ఎనభై శాంపిళ్ళున్న పొద్దున పూట ఒక్కో స్లైడ్ మీద ఎంతసేపు ఉంటారో మీరే ఊహించుకోండి. ఆటోమేటిక్ మెషీన్లు కణాలని బాగానే లెక్కపెడతాయి, కాస్టుల్ని తరచుగా వదిలేస్తాయి. పైగా అవి నిలవ ఉండవు. గంట, మహా అయితే రెండు గంటలు. మా దగ్గర మే నెలలో హోమ్ కలెక్షన్ కుర్రాడు ఆరింటికి తీసుకున్న సీసా బైకు బాక్సులో ఊరంతా తిరిగి పదకొండుకి చేరితే, కణాలు పగిలిపోయి, కాస్టులు కరిగిపోయి ఉంటాయి. రిపోర్టులో మాత్రం "కాస్టులు: లేవు" అని శుభ్రంగా ప్రింటవుతుంది. నేను అలాంటి రిపోర్టు మీద సంతకం పెట్టిన రోజులున్నాయి. ఇప్పుడు పెట్టను, మళ్ళీ శాంపిల్ ఇమ్మంటాను. జనం విసుక్కుంటారు, పోనీ.

కాబట్టి లూపస్ ఉన్నవాళ్ళు సీయూఈకి హోమ్ కలెక్షన్ పెట్టుకోకండి. ల్యాబ్‌కే వెళ్ళి అక్కడే పోసి ఇవ్వండి, లేదా పోసిన వెంటనే మీరే తెచ్చి ఇవ్వండి. చీటీ మీద "లూపస్, కాస్టులూ ఎర్ర కణాల ఆకారమూ చూడాలి" అని డాక్టర్ చేత రాయించుకోండి. ఆ ఒక్క లైను ఉంటే స్లైడ్ ముందు కూర్చున్న మనిషి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ చూస్తారు. నెలసరి రోజుల్లోనూ, అది ఆగిన తర్వాత రెండు మూడు రోజులూ ఇవ్వకండి. సైక్లోఫాస్ఫమైడ్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్ళకి ఆ మందు వల్ల మూత్రాశయం ఒరుసుకుపోయి రక్తం పడవచ్చు. స్టెరాయిడ్ల మీద ఉన్నవాళ్ళకి యూరిన్ ఇన్ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది, చీము కణాలు కనిపిస్తాయి. ఆ రెండూ కిడ్నీ మీద లూపస్ దాడిలా పైకి కనిపిస్తాయి, ఇన్ఫెక్షన్ అవునో కాదో తేల్చడానికి కల్చర్ (మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) కావాలి.

స్పాట్ పీసీఆర్

కరోనా వచ్చాక ఈ పేరుతో పెద్ద తిప్పలు. పీసీఆర్ అనగానే ముక్కులో పుల్ల పెడతారేమో అనుకుని ఒకాయన మాస్కు తీసి తల వెనక్కి పెట్టాడు. ఇది ఆ పీసీఆర్ కాదు. ప్రొటీన్‌కీ క్రియాటినిన్‌కీ ఉన్న నిష్పత్తి. ఒక్క సీసా మూత్రం చాలు.

క్రియాటినిన్ కండలు అరిగినప్పుడు వచ్చే వ్యర్థం. ఒక మనిషి రోజుకి ఇంచుమించు ఒకే మోతాదులో వదులుతాడు. నీళ్ళు ఎక్కువ తాగితే ప్రొటీనూ పలచబడుతుంది, క్రియాటినినూ అంతే పలచబడుతుంది. భాగిస్తే తేడా కొట్టుకుపోతుంది. పైన చెప్పిన ఆమెనే తీసుకోండి. రోజుకి 600 మి.గ్రా. ప్రొటీన్, 1000 మి.గ్రా. క్రియాటినిన్. మూడు లీటర్లు పోసినా 0.6, లీటరు పోసినా 0.6. స్ట్రిప్పు ఎక్కడ మోసం చేసిందో పీసీఆర్ అక్కడ నిలబడుతుంది. 1983 నుంచీ డాక్టర్లు దీన్ని వాడుతున్నారు, సుమారుగా ఆ నిష్పత్తే రోజుకి ఎన్ని గ్రాములో చెప్పేస్తుంది.

గుర్తుంచుకోవాల్సిన అంకె 0.5. దాన్ని దాటి, మళ్ళీ చేస్తే మళ్ళీ దాటితే, ఇన్ఫెక్షన్ లాంటి వేరే కారణం లేకపోతే, బయాప్సీ (సూదితో కిడ్నీ ముక్క తీసి చూడడం) గురించి డాక్టర్ మాట్లాడతారు. యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాల మార్గదర్శకాలూ, కిడ్నీ వైద్యుల కేడీఐజీఓ మార్గదర్శకాలూ అన్నీ ఈ గీత దగ్గరే ఆగుతాయి. క్రియాటినిన్ ఏ కారణమూ లేకుండా పెరుగుతుంటే ఈ గీత దాకా కూడా ఆగరు.

ఇప్పుడు యూనిట్ల గొడవ. ఒక ల్యాబ్ 0.5 అని ఇస్తుంది. ఇంకో ల్యాబ్ గ్రాముకి 500 మి.గ్రా. అని ఇస్తుంది. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి మిల్లీమోల్‌కి 50కి కాస్త పైన అని వస్తుంది. మూడూ ఒకటే. బ్రిటన్ నుంచి సెలవులకి వచ్చిన ఒకమ్మాయి అక్కడి 42కీ మా 0.4కీ తేడా చూసి "వందో వంతుకి తగ్గింది" అని సంబరపడింది. తగ్గలేదు, ఉన్నచోటే ఉంది. ఆ మాట చెప్పడం నాకూ కష్టమే అయింది. రిపోర్టులు ఫైల్ చేసేటప్పుడు అంకె పక్కన యూనిట్ కూడా రాసుకోండి.

ల్యాబ్ మార్చకుండా ఉంటే మంచిది. ప్రొటీన్ కొలిచే రసాయనాలు అన్నిచోట్లా ఒకటి కావు. పైరోగల్లాల్ రెడ్ వాడేవాళ్ళున్నారు, బెంజెథోనియం వాడేవాళ్ళున్నారు. రెండూ సరైనవే, కానీ ఒకే శాంపిల్‌కి కాస్త అటూ ఇటూగా చూపిస్తాయి. 0.45 నుంచి 0.55కి పెరిగిందని టెన్షన్ పడేముందు రెండూ ఒకే ల్యాబ్‌వా అని చూసుకోండి. ఒకే ల్యాబ్ అయినా, ఒకే మనిషికి ఒక రోజుకీ ఇంకో రోజుకీ అంత తేడా రావడం మామూలే. రెట్టింపు అయితే మాత్రం అది మామూలు కాదు.

శాంపిల్ పొద్దున్న లేవగానే పోసేది ఇవ్వండి. కొందరు కుర్రవాళ్ళకి నిలబడి తిరుగుతున్నప్పుడు మాత్రమే ప్రొటీన్ పోతుంది, పడుకుంటే పోదు. అది జబ్బు కాదు. పొద్దుటి శాంపిల్‌లో అది కలవదు. జ్వరం ఉన్న రోజు, జిమ్‌కో పొలం పనికో ఒళ్ళు హూనం అయ్యేలా వెళ్ళొచ్చిన మర్నాడు వద్దు. చాదస్తంగా చెప్పాలంటే మైక్రోస్కోప్‌కి పొద్దున రెండోసారి పోసేది మేలు, ఎందుకంటే రాత్రంతా లోపల నిలవున్నదాంట్లో కణాలు చెడిపోతాయి. కానీ రెండు సీసాలు, రెండు రాకలు ఎవరి వల్ల అవుతుంది? ఒకటే ఇచ్చేటట్టయితే లేవగానే పోసినది, ల్యాబ్‌కి వెంటనే చేర్చి ఇవ్వండి.

మైక్రో అల్బుమిన్ సరిపోతుందా?

షుగర్ ఉన్న తల్లిదండ్రులకి చేయిస్తూ "నాకూ అదే చేసేయండి" అంటారు. ప్రొటీన్లలో అల్బుమిన్ ఒక్కదాన్నే కొలిచే పరీక్ష అది. చిన్న లీకుని పట్టుకోవడంలో దిట్ట. కానీ లూపస్ కిడ్నీ గీతలన్నీ, 0.5 గానీ కింద చెప్పబోయే 0.7 గానీ, మొత్తం ప్రొటీన్ మీద గీసినవి. ఇందులో వచ్చిన అంకెని ఆ గీతల పక్కన పెట్టి చూడలేం. డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప దీనికి డబ్బు పెట్టకండి.

24 గంటల డబ్బా

ఐదు లీటర్ల తెల్ల క్యాను చూడగానే సగం మంది మొహాలు పడిపోతాయి. ఉమ్మడి కుటుంబంలో కోడలు దాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది? ఆఫీసుకి ఎలా తీసుకెళ్తుంది? ఆ ఇబ్బంది నిజమైనదే. ఒకప్పుడు అసలైన పరీక్ష అంటే ఇదే. ఇప్పటికీ కొంతమంది డాక్టర్లు దీన్నే రాస్తారు, దానికి కారణం లేకపోలేదు.

పీసీఆర్ అంతా క్రియాటినిన్ మీద నిలబడింది. క్రియాటినిన్ కండ మీద నిలబడింది. బక్కపల్చని అమ్మాయి, నలభై కిలోలు, జబ్బుతో ఇంకా చిక్కిపోయింది. రోజుకి 600 మి.గ్రా. క్రియాటినినే వదులుతుంది. ఆమెకి నిజంగా పోయే ప్రొటీన్ 400 మి.గ్రా. అయితే పీసీఆర్ 0.67 చూపిస్తుంది. గీత దాటినట్టే లెక్క, నిజానికి దాటలేదు. దీనికి తిరగేసి, కండపుష్టి ఉన్న మగమనిషి 1800 మి.గ్రా. క్రియాటినిన్ వదులుతాడు. ప్రొటీన్ 700 పోతున్నా పీసీఆర్ 0.39. గీత కిందే ఉన్నట్టు కనిపిస్తుంది. లూపస్ మగవాళ్ళలో తక్కువ కాబట్టి అతనికి లూపస్ అన్న అనుమానం రావడానికే ఆలస్యమవుతుంది, ఆపైన ఈ అంకె ఒకటి. ఇలా ఒళ్ళు మరీ సన్నమో మరీ భారీనో అయినప్పుడు, పీసీఆర్ సరిగ్గా గీత దగ్గర ఊగుతున్నప్పుడు, బయాప్సీ చేయాలా మందు మార్చాలా అన్న నిర్ణయం ఆ అంకె మీదే ఆధారపడినప్పుడు క్యాను మోయడం దండగ కాదు. మూడు నెలలకోసారి మామూలు చెకప్‌కి మాత్రం నా దృష్టిలో అక్కర్లేదు.

మోసేటప్పుడు సరిగ్గా మోయాలి. ఆదివారం పొద్దున్న ఆరింటికి పోసింది పారబోయండి. ఆ తర్వాత పగలంతా, రాత్రంతా ప్రతి చుక్కా క్యానులోకే. సోమవారం పొద్దున్న ఆరింటికి పోసింది కూడా అందులోకే. అక్కడితో ముగింపు. మొదటిది కూడా కలిపేసేవాళ్ళు, దొడ్డికి వెళ్ళినప్పుడు పోయింది వదిలేసేవాళ్ళు, సాయంత్రం పెళ్ళికి వెళ్ళి అక్కడ మర్చిపోయేవాళ్ళు, అందరూ వస్తారు. దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది. క్యానులో మొత్తం క్రియాటినిన్ ఎంతో కూడా వేయమనండి. ఆడవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 15 నుంచి 20 మి.గ్రా., మగవాళ్ళకి 20 నుంచి 25 ఉండాలి. యాభై కిలోల ఆమెకి 750 నుంచి 1000 రావాలి. 420 వచ్చిందంటే సగం మూత్రం బాత్రూంలోనే పోయింది, ఆ ప్రొటీన్ అంకె కూడా సగమే. కాలేజీ అమ్మాయి ఒకతె ఇలాంటి క్యాను తెచ్చింది. ప్రొటీన్ 310 అని రిపోర్టు వెళ్ళింది, క్రియాటినిన్ ఎవరూ చూడలేదు. నెల తర్వాత కాళ్ళ వాపుతో మళ్ళీ వచ్చింది. అప్పటినుంచి మా దగ్గర క్రియాటినిన్ లేకుండా 24 గంటల రిపోర్టు బయటికి పోదు.

మధ్యే మార్గం కూడా ఉంది. క్యానులో పట్టిన మూత్రంలోనే పీసీఆర్ చేయడం. కొంచెం ఒలికిపోయినా నిష్పత్తి పెద్దగా మారదు, ఒక్క సీసాలో కనిపించే రోజువారీ ఊగిసలాటా ఉండదు. కేడీఐజీఓ వాళ్ళు మెచ్చే పద్ధతి ఇదే. మన ల్యాబుల్లో అడిగితే చేస్తారు, అడగకపోతే ఎవరూ చేయరు.

కొత్త మార్కర్లు: వాటికి డబ్బు పెట్టాలా?

నెట్‌లో చదివి వచ్చేవాళ్ళు ఎన్‌గాల్, ఎంసీపీ-1, కిమ్-1, ట్వీక్, వీక్యామ్-1, ఆల్‌క్యామ్, సీడీ163 అని అడుగుతారు. ఇవన్నీ నిజమైనవే. ఇందాక చెప్పిన మంటా మచ్చా ప్రశ్నకి జవాబు కోసం శాస్త్రజ్ఞులు వెతుకుతున్న వస్తువులివి. ఎంసీపీ-1 అంటే తెల్ల కణాల్ని మంట దగ్గరకి రమ్మని పిలిచే కబురు. సీడీ163 అంటే కిడ్నీలో చేరిన మాక్రోఫేజ్ అనే తెల్ల కణాల ఒంటి మీంచి రాలిన ముక్క. లోపల మంట ఉంటేనే పెరుగుతుంది కాబట్టి దాని మీద చాలామందికి ఆశ ఉంది. అమెరికాలోని సిన్సినాటి పిల్లల వైద్యులు ఎన్‌గాల్, ఎంసీపీ-1, కిమ్-1తో పాటు అడిపోనెక్టిన్, హీమోపెక్సిన్, సెరులోప్లాస్మిన్ కలిపి, ఆరింటితో 'రైల్' అనే స్కోరు తయారుచేశారు. బయాప్సీలో కనిపించే మంటని మూత్రంతోనే అంచనా వేయాలన్నది దాని ఉద్దేశం.

ఆలోచన చాలా బాగుంది. కానీ మార్గదర్శకాల్లో దేన్నీ ఇంకా రొటీన్ పరీక్షగా పెట్టలేదు. ఎన్‌గాల్ కొన్ని పెద్ద ల్యాబుల్లో దొరుకుతుంది, అది ముఖ్యంగా ఐసీయూలో ఉన్నట్టుండి కిడ్నీ దెబ్బతినే వాళ్ళ కోసం. యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, ఎందుకంటే చీము కణాల్లోంచి కూడా అదే వస్తుంది. స్టెరాయిడ్ల మీద ఉండి ఇన్ఫెక్షన్లతో తిరిగే లూపస్ మనిషికి ఆ అంకె ఏం చెప్పినట్టు? మీ డాక్టర్ ఏదైనా అధ్యయనంలో చేర్చి ఉచితంగా చేస్తే ఇవ్వండి, వెనకాల వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. సొంత డబ్బుతో చేయించుకుని ఆ కాగితం పట్టుకుని వెళ్తే, దాన్నిబట్టి మందు మార్చే డాక్టర్ దొరకడు. ఆ డబ్బుతో నాలుగు పీసీఆర్‌లు వస్తాయి.

ఎవరికి ఏది

లూపస్ ఉంది, కిడ్నీకి ఇంతవరకూ ఏమీ లేదు అనేవాళ్ళకి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒకసారి, జబ్బు తిరగబెట్టినప్పుడల్లా ఒకసారి ప్రొటీన్ చూడాలని 2024 నాటి అమెరికా రుమటాలజీ మార్గదర్శకం. మొదటి ఐదేళ్ళలో ఉన్నవాళ్ళకి చాలామంది డాక్టర్లు మూడు నెలలకే రాస్తారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. పీసీఆర్, సీయూఈ రెండూ కలిపి, ఒకే పొద్దుట. పీసీఆర్ 0.3 దగ్గరే ఉన్నా సీయూఈలో ఎర్ర కణాలు, కాస్టులు కొత్తగా వస్తే అది డాక్టర్‌కి ఆ వారమే చూపించాల్సిన రిపోర్టు. ఒక్కోసారి ప్రొటీన్ గీత కింద ఉన్నా లోపల పెద్ద మంట ఉండొచ్చు. అందుకే జోడీ.

కిడ్నీకి ఇప్పటికే వచ్చి, మందులు వాడుతున్నవాళ్ళ లెక్క వేరు. ఇక్కడ పీసీఆర్‌దే పెత్తనం, కనీసం మూడు నెలలకోసారి. యూరప్ రుమటాలజీ వాళ్ళ లెక్క ప్రకారం మొదలుపెట్టినప్పటికంటే మూడు నెలలకి పావు వంతన్నా తగ్గాలి, ఆరు నెలలకి సగం తగ్గాలి, ఏడాదికి 0.5 నుంచి 0.7 లోపుకి రావాలి. మొదట్లోనే 3.5 దాటినవాళ్ళకి ఇంకో ఆరు నెలలో ఏడాదో గడువిస్తారు. యూరో-లూపస్ అనే మందుల అధ్యయనంలోని రోగుల్ని ఏళ్ళ తరబడి గమనించినప్పుడు ఒక సంగతి తేలింది. ఏడాది చివర ప్రొటీన్ ఎంత ఉందన్నదే కిడ్నీ భవిష్యత్తుని బాగా చెప్పింది. ఎర్ర కణాల లెక్కని దానికి జోడిస్తే అంచనా మెరుగవలేదు సరికదా, తగ్గింది. కాబట్టి ప్రొటీన్ దిగుతూ ఉంటే, సీయూఈలో ఇంకా నాలుగు ఎర్ర కణాలున్నాయని నిద్ర మానుకోకండి. మైక్రోస్కోప్ కొత్త మంటని పట్టుకోవడానికి, పీసీఆర్ ఆరుతోందా లేదా చూడడానికి.

ఒక మెలిక ఉంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు ప్రొటీన్ లీకుని వాటంతట అవే తగ్గిస్తాయి. టాక్రోలిమస్ జాతి మందులు కూడా జల్లెడ కన్నాల్ని నేరుగా బిగిస్తాయి. మంచిదే, కానీ తగ్గినదంతా మంట ఆరడం వల్లే అనుకోవడానికి లేదు. మాత్ర మొదలుపెట్టిన తేదీ, మానేసిన తేదీ రిపోర్టు మీదే రాసి పెట్టండి. తీర్థయాత్రకి వెళ్ళి పది రోజులు మాత్రలు మర్చిపోయి వచ్చి "ప్రొటీన్ పెరిగింది, జబ్బు తిరగబెట్టింది" అని ఏడ్చినవాళ్ళని చూశాను.

గర్భిణులకి ఇవన్నీ ఇంకా చిక్కుపడతాయి. మామూలు గర్భంలోనే రోజుకి 300 మి.గ్రా. దాకా పోవచ్చు. ఐదో నెల దాటాక పెరిగితే గుర్రపువాతం ముందు వచ్చే బీపీ జబ్బా, లూపస్సా అన్నది తేల్చాలి. అక్కడ సీయూఈకి మళ్ళీ విలువ వస్తుంది. ఎర్ర కణాల కాస్టులు కనిపిస్తే అనుమానం లూపస్ వైపు మొగ్గుతుంది, రక్తంలో సీ3, సీ4 (లూపస్ మంటలో ఖర్చయిపోయే ప్రొటీన్లు) తగ్గితే ఇంకా మొగ్గుతుంది. గర్భం రాకముందు ఒక పీసీఆర్ చేయించి దాచుకున్నవాళ్ళు చాలా తలనొప్పి తప్పించుకుంటారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్ళకి ఒక మాట. అక్కడి కిడ్నీ జబ్బులో ప్రొటీన్ పెద్దగా పోకుండానే క్రియాటినిన్ పెరుగుతుంది. లూపస్ ఉన్న ఆ ప్రాంతం మనిషికి పీసీఆర్ బాగుందని రక్తపరీక్ష వాయిదా వేయకూడదు.

బయాప్సీ పేరు వినగానే "ముందు ఇంకో యూరిన్ టెస్ట్ చేసి చూద్దాం" అనేవాళ్ళు చాలామంది. ఒకసారి మళ్ళీ చేసి నిర్ధారించుకోవడం సరైనదే. నాలుగోసారి, ఐదోసారి అంటే అది పరీక్ష కాదు, వాయిదా. లూపస్ కిడ్నీ జబ్బుకి ఒకటి నుంచి ఆరు దాకా ఉన్న తరగతుల్లో మీది ఏదో ఏ సీసా మూత్రమూ చెప్పదు. మూడు, నాలుగు తరగతులకి గట్టి మందులు కావాలి. ఆరో తరగతి అంటే దాదాపు మచ్చే మిగిలింది. మంటకి 24కి ఎన్ని, మచ్చకి 12కి ఎన్ని అని మార్కులు వేసి ఇచ్చేది బయాప్సీ ఒక్కటే. బోర్లా పడుకోబెట్టి, మత్తు సూది వేసి, స్కాన్ చూస్తూ సన్న సూదితో వెంట్రుక లాంటి రెండు ముక్కలు తీస్తారు. సాధారణంగా ఒక రాత్రి ఉంచుతారు.

పాదాలు వాచినా, పొద్దున్నే కళ్ళ చుట్టూ ఉబ్బినా, నురగ ఆరకుండా నిలబడినా, మూత్రం డికాషన్ రంగులోకి మారినా, బీపీ కొత్తగా పెరిగినా ఏ పరీక్ష మంచిదా అని ఆలోచించకండి. ఆ రోజే డాక్టర్ దగ్గరకి వెళ్ళండి.

మిగతా రోజుల్లో కౌంటర్ దగ్గర ఇలా అడగండి: "సీయూఈ మైక్రోస్కోప్‌తో, స్పాట్ ప్రొటీన్ క్రియాటినిన్ రేషియో. శాంపిల్ ఇప్పుడే ఇస్తాను, స్లైడ్ గంటలోపు చూడాలి." బిల్లులో రెండూ వేరు వేరు లైన్లలో ఉన్నాయో లేదో చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి.